రాణిగారికి మిగిలిన మూడు పనులు

పోయిన మంగళవారం విశాఖపట్నం నుంచి ఫోనొచ్చింది. అరబ్బు దేశపు చమురు ఊరు దుఖాన్‌లో ఒకప్పుడు మా పక్కింట్లో ఉన్న అత్తయ్యగారు పోయారట. ఫోను పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆవిడ గుర్తొస్తే పరీక్ష భయం కూడా వెంటబడి వస్తుంది, ఇన్నేళ్ల తర్వాత కూడా.

డెబ్బైల్లో చమురు ధర ఒక్కసారిగా పెరిగి, కంపెనీ క్వార్టర్స్‌లో రోజుకో కొత్త కుటుంబం దిగుతున్న రోజులవి. నాన్న అక్కడ ఇంజనీరు. అత్తయ్యగారి భర్త నాన్న కింద పనిచేసేవారు. ఆయన కాంట్రాక్టు పొడిగించాలన్నా నాన్న మాటే కావాలి. నాకు పదిహేనేళ్లు. నేను రాయబోయే పరీక్షలో ఇంగ్లండు రాజుల చరిత్ర ఒక పేపరు. అది తప్పితే గుంటూరు హాస్టలుకి పంపిస్తానని నాన్న తేల్చేశారు. అమ్మని వదిలి ఉండాలన్న ఊహకే నాకు అన్నం సహించేది కాదు.

అత్తయ్యగారు చరిత్రలో ఎమ్మే. రోజూ నాలుగింటికి బత్తాయి వలిచి నా ముందు పెట్టి పాఠం మొదలుపెట్టేవారు. జనం రాజు తల తీయించిన ఘట్టం రాగానే లేచి కిటికీ మూసేసి, గుసగుసల్లోకి దిగేవారు.

"మనం అమీరుగారి దేశంలో ఉన్నామే తల్లీ, ఇక్కడ ఆయనే రాజు. ఎవరైనా వింటే మీ మావయ్యని యల్లా, నడు, ఇంటికి పో అంటారు."

మూడొందల ఏళ్ల కిందటి తలకి ఆవిడ అంత భయపడేవారు. "కొన్నేళ్లు రాజు లేకుండా ఉండి చూశారు. ఉండలేక ఆయన కొడుకునే పిలిచారు. ఆ తర్వాతి వాళ్ళకి కిరీటంతో పాటు షరతుల కాగితం కూడా చేతిలో పెట్టారు. పన్ను వెయ్యాలన్నా పార్లమెంటు ఒప్పుకోవాల్సిందే."

ఇంత చెప్పినా, ఆవిడ ఇంట్లో పెట్టిన పరీక్షలో, ఇప్పటికీ ఇంగ్లండులో చట్టాలన్నీ రాణే చేస్తుందని రాశాను. ప్రభుత్వమంటే ప్రభువుదే కదా అని నా తెలివి. ఆవిడ పడీ పడీ నవ్వారు.

"ప్రభుత్వంలోంచి ప్రభు తీసెయ్. ఏం మిగిలింది?"

"త్వం."

"సంస్కృతంలో త్వం అంటే నువ్వు! ఓటేసే నువ్వు. వాళ్ళు తలలు పోగొట్టుకుని నేర్చుకున్న తీసివేత అదే."

"మరి రాణికేం మిగిలింది?"

"మంత్రులు తెచ్చినదాని మీద సంతకం పెట్టాలి. ఆపైన మూడే పనులు. అడగొచ్చు, ధైర్యం చెప్పొచ్చు, హెచ్చరించొచ్చు. వినడం వినకపోవడం వాళ్ళిష్టం."

ఆ పేపరు నాన్న కంటబడింది. నూటికి ముప్ఫై. అసలు పరీక్షే వద్దని హాస్టలుకి ఉత్తరం రాసేశారు. నేను ఏడుస్తూ వెళ్ళి చెబితే, అత్తయ్యగారు అప్పటికప్పుడు మా ఇంటికొచ్చారు.

"అన్నయ్యగారూ, ఉత్తరం పోస్టు చేశారా?"

"రేపు చేస్తానమ్మా."

"పిల్ల తెలివైంది. ఇంకా రెండు నెలలుంది, నేను చూసుకుంటాను."

"నిర్ణయం అయిపోయింది."

ఆవిడ లేచి నిలబడ్డారు. కొంగు వేలికి చుట్టుకుంటున్నారు. "ఇప్పుడు పంపేస్తే ఇది ఓడిపోయాననుకునే పెరుగుతుందండీ. తర్వాత మీరెంత చెప్పినా మీ మాట నమ్మదు. ఆ పైన మీ ఇష్టం."

నాన్నతో అలా మాట్లాడినవాళ్ళని నేను అంతవరకు చూడలేదు. మావయ్యగారి ఉద్యోగం ఇక ఊడినట్టేననుకున్నాను. నాన్న ఆ ఉత్తరం సొరుగులో పడేసి, "సరే, పరీక్ష రాయనీ" అన్నారు. రాశాను, పాసయ్యాను. మావయ్యగారి కాంట్రాక్టూ పొడిగించారు. గుంటూరు హాస్టలు ఎలా ఉంటుందో నాకిప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం మాత్రం, ఈవిడకి భయమన్నదే లేదని మురిసిపోతూ గుమ్మం దాకా వెళ్ళాను. అత్తయ్యగారు ఇసకలో వాళ్ళింటివైపు గబగబా నడుస్తున్నారు. ఒక కాలికి ఆవిడ చెప్పు. రెండో కాలికి నాన్నది, బెత్తెడు పెద్దది, మడమ వెనక ఈడ్చుకుంటూ పోతోంది. ఆవిడ చూసుకోనే లేదు.