మైకు నోరు మూయించిన పిల్లి

ఏ ఊరికెళ్లినా, ఒకే వీధిలో ఇద్దరు తోడల్లుళ్లు ఎదురెదురుగా కాపురం ఉన్నారని తెలిస్తే అక్కడే గది అద్దెకి తీసుకోవడం నాకు అలవాటు. కాలక్షేపానికి వేరే పుస్తకం కొనక్కర్లేదు. యుద్ధాల చరిత్రలు చాలానే చదివాను. రాజుకి అవతలి రాజు ఓడిపోతే చాలు. తోడల్లుడికి అలా చాలదు, అవతలివాడు ఓడిపోయినట్టు అత్తగారికి కూడా తెలియాలి.

ఈ వీధిలో చిన్నల్లుణ్ని అందరూ మైకు అనేవారు. మూడు చక్రాల బండికి లౌడ్‌స్పీకర్ కట్టుకుని, చెప్పుల దుకాణం కొత్తగా తెరిచారనో, రేపు నీళ్లు రావనో ఊరంతా తిరిగి చెప్పడం ఆయన పని. ఇంట్లో భార్యని ఉప్పు అందుకోమన్నా పక్క సందులోవాళ్లు ఉలిక్కిపడేవారు. ఎదురుగా పెద్దల్లుడిది డ్రై క్లీనింగ్ దుకాణం. లోపల ఆవిరి, పెట్రోలు వాసన, కొక్కేలకి వరసగా కోట్లు. ఆయన మాట మెత్తన. మడత మాత్రం చేతులు తెగేంత పదును.

మైకుకి పిల్లల్లేరు. దూది అని ఒక తెల్లపిల్లి ఉండేది. లోకంలో ఆయన గొంతు తగ్గించి మాట్లాడిన ప్రాణి అదొక్కటే. పొద్దున్నే బండి తీసేముందు దాన్ని గుండె మీద పడుకోబెట్టుకుని చెవిలో ఏదో గొణిగేవాడట. "ఇన్నేళ్ల కాపురంలో నాతో ఒక్కసారైనా అలా మాట్లాడలేదండీ" అంది ఆయన భార్య నాతో, నవ్వుతూనే.

ఆ దూది ఒక ఉదయం కనిపించలేదు. ముందురోజే పెద్దల్లుడు, "తమ్ముడూ, నీ పిల్లి ఇంకోసారి మా గుమ్మం తొక్కితే ఊరుకునేది లేదు" అన్నాడు. ఇంకేం కావాలి? మైకు మంచం కింద చూడలేదు, మేడ ఎక్కలేదు. తిన్నగా వెళ్లి బ్యాటరీ చార్జింగుకి పెట్టాడు.

"ప్రజలారా! తెల్లపిల్లి, చెవి మీద నల్లమచ్చ! ఎత్తుకెళ్లినవాడి గుర్తులు కూడా వినండి! బట్టతల, బానపొట్ట, చేతిలో ఇస్త్రీపెట్టె! పేరు చెప్పను, మావాడే!"

సరిగ్గా దుకాణం ముందు బండి ఆపి ఇదే మళ్లీ మళ్లీ చెప్పేవాడు. లోపల ఉన్నవాళ్లు నవ్వాపుకోలేక బయటికొచ్చేవారు. "ఈ కొట్లో మరకలు పోతాయో లేదో తెలీదు గానీ పిల్లులు మాత్రం గ్యారంటీగా పోతాయి!" అని రోజుకో కొత్త ముక్క కలిపేవాడు. పెద్దల్లుడు తల ఎత్తేవాడు కాదు. "అరవనీ. గొంతూ వాడిదే, బ్యాటరీ వాడిదే" అంటూ చొక్కా మడిచేవాడు. ఆ శాంతమే నాకు నచ్చలేదు.

ఇంట్లో పెరిగిన పిల్లి తప్పిపోతే దూరం పోదు. రెండు మూడు ఇళ్ల అవతలే ఏ చీకటి మూలనో దూరి ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. పెంచినవాళ్లు పిలిచినా పలకదు. పలికితే దొరికిపోతానని దాని భయం. ఓడరేవుల్లోనూ కొండ ఊళ్లలోనూ పిల్లిని వెతికేవాళ్లని చూశాను. అది పడుకునే గుడ్డ గుమ్మంలో పరిచేవారు, ఇరుగుపొరుగు కొట్టుగదులు తెరిపించేవారు, తిండిగిన్నె పక్కన నేలమీద చతికిలబడి గంటలకొద్దీ కదిలేవారు కాదు. ఇదంతా మైకుకి చెప్పాను.

"మీరు పెద్దవారు, చదువుకున్నవారు. నాకు పిల్లి కావాలండీ. దానికంటే ముందు వాడి పరువు కావాలి" అన్నాడు.

కానీ అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. గొంతు పెరిగింది, మనిషి తగ్గిపోయాడు.

అది చూడలేక ఒకరోజు వదినగారు, అంటే పెద్దల్లుడి భార్య, తడిచేతులతోనే వీధి దాటి వచ్చింది. "చెల్లీ, మీ దూది మా కొట్లో అటక మీదుందే. మీ బావకి మొదట్నించీ తెలుసు. పాలు కూడా పెడుతున్నారు. చెబుతానంటే నన్ను ఆపారు. 'వాడు ఎంత అరిస్తే అది అంత లోపలికి పోతుంది, అరవనీ' అన్నారు."

లోపల్నుంచి ఇది విన్న మైకు ఒక్క గెంతులో బయటికొచ్చి బండి ఎక్కాడు. భార్య అంతకంటే ముందే మైకు తీగ పీకి చేత్తో పట్టుకుంది.

"ఆ అటక వెనక కిటికీకి అద్దం లేదు. ఇప్పుడు నువ్వు అరిచావంటే అట్నుంచి అటే దూకి పోతుంది. ఇక దొరకదు. ముందేం కావాలో తేల్చుకో."

ఆయన చెప్పులు విప్పి, గిన్నె పట్టుకుని ఎదురింటి మెట్లెక్కాడు.

"రా తమ్ముడూ, కూర్చో. చప్పుడు చెయ్యకు సుమా!" అన్నాడు పెద్దల్లుడు. మైకు అటక కింద నేలమీద కూర్చున్నాడు. బట్టలకి వచ్చినవాళ్లు అవి తీసుకున్నాక కూడా కదల్లేదు. ఇలాంటి వేడుక ఎక్కడ దొరుకుతుంది?

"మా తమ్ముడండీ. ఊరందరికీ అన్నీ చెబుతాడు, తనింటి పిల్లి ఎక్కడుందో మాత్రం తెలీదు" అని మొదలుపెట్టాడు పెద్దల్లుడు, ఆ మెత్తటి గొంతుతోనే. "ఈ సంబంధం మామగారు వద్దన్నారు. పిల్లకి చెవులు పోతాయిరా అన్నారు. నేనే కాళ్లావేళ్లా పడి ఒప్పించాను."

నవ్వులు. మైకు పిడికిలి బిగిసింది. అప్పుడే పైన రెండు కోట్ల మధ్య నల్లమచ్చ చెవి కదిలింది. పిడికిలి వదిలేశాడు.

పెద్దల్లుడూ ఆ చెవిని చూశాడు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, తాపీగా అన్నాడు: "అయినా పాపం, పిల్లల్లేనివాడికి పిల్లే బిడ్డ కదా!"

ఎవరూ నవ్వలేదు. ప్యాంటు పట్టుకున్నాయన నేలచూపులు చూశాడు. మైకు మెడ మీద నరాలు తాళ్లలా లేచాయి. ఆయన నోరు తెరిస్తే ఆ కొట్టు పైకప్పు ఎగిరిపోయేది. కింది పెదవి పళ్ల మధ్య నొక్కిపెట్టాడు. దూది ఒక్కో అరా దిగింది, గిన్నె వాసన చూసింది, ఆయన ఒళ్లోకెక్కి ముడుచుకుంది.

దాన్ని చొక్కా లోపల పెట్టుకుని లేచాడు.

"ఊఁ, ఇప్పుడను, ఏమంటావో" అన్నాడు పెద్దల్లుడు.

మైకు బయటికి నడిచాడు. పెద్దల్లుడు మెట్ల దాకా వెనకాలే వచ్చాడు. "తమ్ముడూ! ఏదో మాటవరసకి అన్నానయ్యా! తిట్టు, పోనీ!" ఎదురింటి తలుపు మెల్లగా మూసుకుంది.

మర్నాటి నుంచి బండి మళ్లీ తిరిగింది. వీధి మొదట్లో చెవులు చిల్లులు పడేలా అరిచేది. దుకాణం దగ్గరికొచ్చేసరికి మైకు మీట కట్టేసేవాడు. నిశ్శబ్దంగా, చాలా నెమ్మదిగా, లోపలికి చూస్తూ తొక్కేవాడు. అంత హోరు ఉన్నట్టుండి ఆగేసరికి వీధి వీధంతా ఆ కొట్టు వైపు తిరిగేది. "పెద్దాయన ఏమన్నాడటా?" అని ఒకరినొకరు అడిగేవారు, ప్యాంటాయన చెప్పేవాడు. అన్నాళ్ల అరుపులకి చెక్కుచెదరని మనిషి, దీనికి రెండు చొక్కాలు మాడ్చాడు.

నేను గది ఖాళీ చేసే ఉదయం కూడా పెద్దల్లుడు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. "తమ్ముడూ, ఒక్క మాట అనవయ్యా!" అన్నాడు అందరూ వింటుండగానే. మైకు తొందరపడకుండా తొక్కుకుంటూ పోయి, మలుపు తిరిగాకే మీట నొక్కాడు.