పులికి రసీదు

కామారెడ్డి బస్టాండు వెనుక ఇన్‌కంటాక్సు కాగితాలు నింపే ఆశన్నకు ఒకటే జబ్బు. ఎవరు ఏం చెప్పినా రసీదు అడుగుతాడు. ఒక్క నమస్తేకి మాత్రం అడగడు. అప్పుడు కూడా, జోడించిన చేతుల మధ్య కాగితం ఏమైనా ఉందేమోనని ఓ చూపు చూస్తాడు.

"పొద్దుగాల నాలుగు ఇడ్లీలు తిన్న, కడుపు బరువుగున్నది ఆశన్నా," అన్నాడోసారి నా తోటి పెన్షనర్ మైసన్న.

"రసీదున్నదా?"

"ఇడ్లీలకా?"

"ఇంట్ల తిన్నరా, హోటల్ల తిన్నరా?"

"ఇంట్లనే."

"అయితే వద్దు తియ్యుండ్రి," అని ఆశన్న ఉదారంగా వదిలేశాడు.

ఆయన సహకార బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. మా ఎల్లారెడ్డి పెన్షనర్లం ఏటా జూలైలో సంచులు పట్టుకుని బస్సెక్కి ఆయన దగ్గరికే పోయేవాళ్లం. పోయిన పని గంటలో తెమిలేది కాదు. కంప్యూటర్ తెరిచే ముందు ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఏడాదంతా నెలనెలా చెప్పించేవాడు. సెప్టెంబరులో ఏమీ జరగలేదంటే, "నెలంత పండుకున్నరా సార్?" అని అడిగేవాడు.

నేను హెడ్మాస్టరుగా రిటైరైనవాణ్ణి. మనవలకు కథలు చెప్పీ చెప్పీ నా నాలుక నిజానికి దూరపు చుట్టమైంది. అందుకని ఏటా నెలలు చెప్పుకుంటూ ఆగస్టు దగ్గరికి వచ్చేసరికి పోచారం అడవిలో నాకు పులి ఎదురయ్యేది. మొదటి ఏడు అది ఆరడుగులు. మూడో ఏటికి ఎనిమిది. పోయిన ఏడు తొమ్మిదడుగులై, నన్ను చెట్టెక్కించి కింద కూర్చుంది.

ఆశన్న పెన్ను చేత పట్టుకుని శ్రద్ధగా వినేవాడు.

"పులికి రసీదున్నదా సార్?"

"పులి రసీదిస్తదా ఆశన్నా?"

"అడవి ఆఫీసోళ్లన్న ఇయ్యాలె గద. సరే, సెప్టెంబర్ చెప్పుండ్రి."

ఆగస్టులో నిజంగా ఏం జరిగేదో నేను ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పడానికీ ఇంకొంచెం ధైర్యం కూడదీసుకోవాలి.

ఈ ఏడు నాకో బుద్ధి పుట్టింది. కాన్వెంటులో సిస్టర్లు బెత్తం చూపి నేర్పిన ఇంగ్లీషు నాది. రిటర్ను నింపే సాఫ్ట్‌వేర్ అడిగే నాలుగు ప్రశ్నలు చదువుకోవడానికి కామారెడ్డి దాకా పోవాలా? ఫోన్‌లో దించుకున్నాను. అది ఇడ్లీల గురించి అడగలేదు, ఆగస్టు గురించీ అడగలేదు. కొత్త పద్ధతి అన్నచోట ముందే టిక్కు పెట్టి ఉంది, నాకు శ్రమ తగ్గించిందనుకుని అలాగే ఉంచాను. తగ్గింపులు ఏమైనా చూపించాలా అంటే అక్కర్లేదన్నాను. పదకొండు నిమిషాల్లో పని పూర్తయింది. ఆఖర్న సగం నెల పెన్షన్ అంత పన్ను కట్టమంది. ఆశన్న చేతి మీద ఒక్క రూపాయి కట్టి ఎరగను. అయినా కిక్కురుమనకుండా కట్టేశాను.

ఆ కిక్కురుమనకపోవడమేదో పెన్షనర్ల సంఘంలో కూడా పాటించి ఉంటే బాగుండేది. మర్నాడు అక్కడ పన్ను మాట మింగేసి, "పదకొండు నిమిషాలు" అన్నాను. చాయ్ తాగేలోపు అవి నాలుగు నిమిషాలయ్యాయి. పైగా ఇడ్లీకి రసీదు అడిగే ఆశన్న వేషం వేసి చూపించాను. అందరూ పడి పడి నవ్వారు. నవ్వి, మైసన్నతో సహా ఐదుగురు ఆశన్నను మానేసి ఫోన్లు నొక్కారు.

వారం గడిచింది. నా భార్య సాలవ్వ చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వచ్చి కూర్చుంది.

"ఈ యేడు ఆశన్న నా కాయిదాలు అడుగలేదేందయ్యా?"

"ఏం కాయిదాలు?"

"డాక్టర్ రాసిచ్చినయి, మందుల రసీదులు. ఏటా పక్కింటి భాగ్యశ్రీ కామారెడ్డి పోయినప్పుడు నీకు చెప్పకుండ పంపుత."

నేను తాగుతున్న చాయ్ పొలమారింది.

ఇక చెప్పక తప్పదు. ఐదేళ్లుగా సాలవ్వకు నరాల జబ్బు. కుడి చేయి వణుకుతుంది. ఏటా ఆగస్టులో హైదరాబాదు తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపిస్తాను. ఎవరికీ తెలియనీయొద్దని పట్టుబట్టింది నేనే. సిగ్గు ఆమెకు లేదు, నాకే. దాన్ని దాచడానికే పులిని పెంచాను.

"ఆశన్నకు నువ్వు చెప్పినవా?"

"ఆయనే ఫోన్ చేసిండు. 'అవ్వా, సారు ఆగస్టుల పులి అంటున్నడు, ఇంట్ల అంత మంచిదేనా' అన్నడు. చెప్పిన. గీ జబ్బుకు పన్నుల తగ్గింపు ఉంటదట. నీకు తెల్వనియ్యొద్దన్నడు." గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "ఏమయ్యా, పన్ను కట్టినవా?"

కట్టాను. ఆమె మందులకు దాచిన డబ్బే కట్టాను. రిటర్ను గడువు ఇంకా నాలుగు రోజులుంది.

మర్నాడు ఈ ఏటి సాలవ్వ కాగితాలు సంచిలో పెట్టుకుని కామారెడ్డి చేరేసరికి ఆశన్న గదిలో ఐదు కుర్చీలు ఖాళీ. జూలై ఆఖర్న అక్కడ నిలబడటానికి చోటుండేది కాదు. ఏ కుర్చీలోనూ కూర్చోబుద్ధి కాలేదు.

"సాఫ్ట్‌వేర్‌ల నింపిన ఆశన్నా," అన్నాను, సిస్టర్ ముందు హోంవర్కు చేయలేదని ఒప్పుకునే గొంతుతో.

"మంచి పని. నేను గూడ దాంట్లనే నింపుత సార్. ఏమడిగింది?"

"తగ్గింపులున్నయా అని."

"ఏం చెప్పిండ్రు?"

"లేవని."

"మరి దాని తప్పేముంది? పాపం, మీ మాట నమ్మింది. నేను నమ్మ." కుర్చీ నా వైపు జరిపాడు. "తగ్గింపులు పాత పద్ధతిలనే ఉంటయి. గడువు లోపల దానికి మార్చుకోవచ్చు. ఏప్రిల్ నుంచి చెప్పుండ్రి."

చెప్పాను. ఏప్రిల్, మే, జూన్, జూలై. ఆగస్టు వచ్చింది.

"సాలవ్వను హైదరాబాదు తీస్కపోయిన. చెయ్యి వణుకుతది. పులి లేదు ఆశన్నా. ఎన్నడు లేకుండె."

ఆయన పెన్ను కింద పెట్టి సొరుగు లాగి ఒక కవరు తీశాడు. అందులో సాలవ్వ డాక్టరు కాగితాల నకళ్లు, ఏ ఏటివి ఆ ఏటికి కుట్టి ఉన్నాయి. కవరు మీద ఒక్క మాటే రాసి ఉంది: పులి.

"అవ్వ పేరు రాస్తే వచ్చిపోయేటోళ్లు చదువుతరు గద," అన్నాడు.

సొరుగులో ఇంకా కవర్లున్నాయి. ఒకదాని మీద 'పిడుగు', ఒకదాని మీద 'తప్పిపోయిన మేక'. ఏది ఎవరి ఆగస్టు అని నేను అడగలేదు.

"సంఘంల నీ వేషం వేసి నవ్వించిన ఆశన్నా," అన్నాను తల దించుకుని.

"విన్న. ఇడ్లీది మస్తు చేసిండ్రంట. ఆ ఐదుగుర్ని గడువు లోపల తోల్కరండ్రి. వాళ్ల కవర్లు గూడ ఈడనే ఉన్నయి."

తోలుకురావాలంటే నేను కట్టిన పన్ను సంగతి ఐదు గుమ్మాల్లో చెప్పుకోవాలి. సరేనన్నాను.

గంటలో కొత్త రిటర్ను పోయింది. నేను ఫీజు ఇచ్చాను, ఆయన దానికి రసీదు ఇచ్చాడు. లేవబోతుంటే చేయి పట్టి కూర్చోబెట్టాడు.

"పోయిన యేడు చెట్టెక్కిండ్రు. ఎట్ల దిగిండ్రు సార్? యాడాది సంది ఆలోచిస్తున్న."

గొంతు సవరించుకున్నాను.

"ఈసారి అది పదకొండడుగులు ఆశన్నా..."

ఆయన గడ్డం కింద చేయి ఆనించుకున్నాడు. ఎల్లారెడ్డి బస్సులు రెండు వెళ్లిపోయాయి. పులికి మాత్రం ఆ రోజు రసీదు అడగలేదు.