పురిటి గదిలో గాలి

నా చిన్నప్పుడు, ఒక వానాకాలం, మా మేనత్త పురిటికి పుట్టింటికి వచ్చింది. మండపేట దగ్గర పల్లెటూరు మాది. కొడుకు పుట్టాక, బాలింతకు చలిగాలి తగలకూడదని మా నాయనమ్మ గది కిటికీలు రెండూ మూసి, సందుల్లో పాత చీర పేలికలు కుక్కింది. మంచం పక్కన కుంపటి, అందులో వాము పొగ. రెండు రోజులు గడిచేసరికి అత్తకు తలనొప్పి, వికారం పట్టుకున్నాయి. పసివాడు పాలు తాగడం మానేసి ఊరికే మూలుగుతున్నాడు.

మావయ్య కంగారుపడి రాజమండ్రి నుంచి టేబుల్ ఫ్యాను తెచ్చాడు. మా ఇంట్లో అదే మొదటి ఫ్యాను. వెయ్యగానే కుంపట్లో బూడిద లేచి పక్కంతా పడింది. అయినా నాయనమ్మ దాన్ని ఆపనివ్వలేదు.

"కిటికీ గాలి పడదు గానీ ఫ్యాను గాలి పడుతుందా ఏంటే?" అన్నారు మా తాతయ్య గుమ్మంలో నిలబడి.

"ఇది ఇంట్లో గాలేనండి. బయటి గాలి వేరు" అంది నాయనమ్మ.

తాతయ్య ఒక అగరువత్తి వెలిగించి నా చేతికిచ్చి, గది మధ్యలో నిలబడమన్నారు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ పొగ గోడకి కొట్టుకుని మళ్లీ అత్త ముఖం మీదికే వచ్చింది. నాయనమ్మే చెయ్యి చాపి ఫ్యాను ఆపింది.

"కిటికీలు ఎంత తియ్యమంటావో నువ్వే చెప్పు" అన్నారాయన.

ఆవిడ వేళ్లు చాపి చూపించి, "నాలుగు వేళ్లంత" అంది.

ఎదురెదురు కిటికీలు రెండూ అంతే తీశారు. గాలి తిన్నగా మంచం మీద పడకుండా తాతయ్య తన పంచె అడ్డం కట్టారు. కుంపటిని నాయనమ్మే వసారాలో పెట్టింది. ఈసారి పొగ సన్నగా సాగి అవతలి కిటికీలోంచి వెళ్లిపోయింది. సాయంత్రానికి అత్త లేచి కూర్చుంది, పిల్లవాడు కడుపునిండా తాగాడు. మర్నాడు నాయనమ్మ ఆ కిటికీలు ఇంకాస్త తీసింది.

మా అబ్బాయి ఈమధ్య రాజమండ్రిలో ఇల్లు కట్టి, పడగ్గదుల్లో ఏసీలు, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాడు. నేను కాదనలేదు. ఎండాకాలంలో ఏసీ నాకూ హాయిగానే ఉంటుంది. ఫ్యాను బయటికి తోసిన గాలికి బదులు లోపలికొచ్చే దారేదని మాత్రం మేస్త్రీని అడిగి, ప్రతి గదికీ ఎదురెదురుగా కిటికీలు పెట్టించాను.

మనిషిని చిన్నబుచ్చకుండా ఆ మనిషి భయం పోగొట్టడం నేను మొదట చూసింది ఆ గదిలోనే. అది మరిచిపోకూడదని, ఉద్యోగంలో ఉన్నప్పుడూ, రిటైరయ్యాక ఇప్పుడూ, నా డైరీలో రోజూ తేదీ కింద మొదట రాసేది ఆ పూట గాలి ఎటునుంచి వీచిందన్నదే. రాసినప్పుడల్లా తాతయ్యకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను.