గంప దించే రోజు కోసం

ఉప్పాడ ఒడ్డున అప్పాయమ్మ గొంతు తెలియనివాళ్లు లేరు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ తెల్లారేసరికి వేలంపాటలో చేపలు కొని, గంప ఆటోలో వేసుకుని పిఠాపురం వెళ్లి, నెత్తిన పెట్టుకుని వీధులన్నీ తిరిగి అమ్మేది. మొగుడు సత్తియ్య ఆయాసం పట్టాక వేట మానేసి, వలలు కుట్టుకుంటూ ఇంటిపట్టునే ఉండిపోయాడు.

ఆమె అత్త బుల్లెమ్మ ఆఖరి రోజుల్లో చూపు ఆనకపోయినా కూలికి పరాయివాళ్ల చేపలకి ఉప్పు పట్టించేది. చుట్టకి డబ్బులు కావాలంటే కొడుకు మొహం కేసి చూసి, అడగలేక ఊరుకునేది. అది కళ్లారా చూసిన అప్పాయమ్మ, ముసలావిడ పోయిన నెలలోనే పోస్టాఫీసులో ఖాతా తెరిచి, తను గంప దించే రోజు కోసమని నెలనెలా కొంత దాస్తూ వచ్చింది. సముద్రం వంటింటి గోడ లాక్కుపోయిన ఏడాది కూడా ఆ డబ్బు ముట్టలేదు. టార్పాలిన్ కట్టుకుని దానికిందే వండింది.

పోయినేడు కొడుకు గంగాధర్ పడవ ఇంజన్ పాడైంది.

"పోస్టాఫీసు డబ్బు తియ్యమ్మా. రేపు నిన్ను నేను చూసుకోనా ఏంటి?"

"చూసుకోవని నేనన్నానా? ముద్దముద్దకీ నీ మొహం చూడలేన్రా, అంతే."

"కన్నకొడుకు కంటే డబ్బే ఎక్కువైపోయిందన్నమాట!"

అప్పాయమ్మకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెవుల దిద్దులు తీసి అతని చేతిలో పెట్టబోయింది. "ఇవి తాకట్టు పెట్టుకో. అది మాత్రం అడక్కు."

గంగాధర్ విసురుగా వెళ్లిపోయాడు. అప్పు చేసి పాత ఇంజనే బాగుచేయించుకున్నాడు కానీ, తల్లితో మాట మానేశాడు. కోడలు ఉషారాణి కంచం పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయేది. కొడుకుండగా ఈ దాపరికమేంటని ఒడ్డున ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఒకరోజు అప్పాయమ్మ మనసు చెదిరి, డబ్బు తీసి కొడుక్కి ఇచ్చేద్దామని పోస్టాఫీసు మెట్లదాకా వెళ్లింది. బుల్లెమ్మ గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

ఈ వేసవిలో మోకాళ్లు మొరాయించాయి. బరువెత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పాయమ్మ గంప దించేసింది. దాచిన సొమ్మంతా పోస్టాఫీసులోనే నెలనెలా వడ్డీ చేతికొచ్చే పథకంలోకి మార్పించుకుంది. తన మందులకీ సత్తియ్య మందులకీ ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపించిన రోజుల్లో ఇంట్లో బియ్యం కూడా ఆ డబ్బుతోనే వచ్చాయి.

ఒక మధ్యాహ్నం ఉషారాణి వచ్చి పక్కన కూర్చుంది.

"అత్తా, నాకూ ఆ ఖాతా తెరిపించవా? మీ అబ్బాయికి మాత్రం చెప్పకు."

"చెప్పే తెరుద్దాం. దొంగసొమ్మేం కాదు కదే!"

అరుగు మీద పడుకున్న గంగాధర్‌కి ఈ మాటలన్నీ వినపడుతూనే ఉన్నాయి. "అత్తాకోడళ్లు ఒకటైపోయారా?" అన్నాడు లేచి కూర్చుంటూ. తల్లి కాళ్లవైపు చూస్తూ, "మోకాళ్లెలా ఉన్నాయమ్మా?" అనడిగాడు. అన్ని నెలల తర్వాత ఆమెతో అతను మాట్లాడడం అదే మొదటిసారి.

వేట మళ్లీ మొదలయ్యాక అప్పాయమ్మ గంప లేకుండా ఒడ్డుకి వెళ్లి, ఇంటికని రెండు చందువా చేపలు బేరమాడింది. ఎంత అడిగినా అమ్మే పిల్ల ధర తగ్గించలేదు. కొనేవాళ్ల బాధేంటో అప్పాయమ్మకి అప్పుడు తెలిసొచ్చింది. నవ్వుకుంటూ, అడిగినంతా ఇచ్చి తీసుకుంది.