దొనకొండలో దిగిన విమానం

మొన్న హైదరాబాదులో కడప పోయే చిన్న విమానం కోసం కూర్చొని ఉంటే, సాంకేతిక లోపం వల్ల ఆలస్యమవుతుందని మైకులో చెప్పినారు. పక్కనున్న కుర్రవాళ్ళు విసుక్కుంటూ ఫోన్లు తీసినారు గానీ, నా చూపు మాత్రం అద్దాల అవతల ఆగి ఉన్న ఆ రెండు పంకాల విమానం మీదనే నిలిచిపోయింది. రెక్క పక్కన నిచ్చెన వేసుకొని ఒకతను ఇంజను మూత తీసి లోపలికి తొంగి చూస్తున్నాడు. ఉద్యోగమంతా నేను నిలబడిన చోటు అది. గోళ్ళ సందుల్లో నూనె మరక పోకుండానే పెళ్ళిపీటల మీద కూర్చున్న నా తోటి మెకానిక్కులకు, అప్పుడు నా మనసు ఎక్కడికి పోయిందో వేరే చెప్పనక్కరలేదు.

రాష్ట్రం ఏర్పడి ఇంకా పదేళ్ళు నిండని రోజులవి. మా మార్కాపురం అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉండేది. అమ్మ నా చిన్నతనంలోనే పోతే మా అక్కే నన్ను సాకింది. ఆమెను దొనకొండ పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంటికి ఇచ్చినారు. నేను కొన్నాళ్ళు పలకల ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ దుమ్ము ఒంటికి పడక, హైదరాబాదు విమానాశ్రయంలో మేస్త్రీగా ఉన్న గిద్దలూరు సాయిబు ఒకాయన చలవతో ఆయన కిందనే మెకానిక్కు పనిలో చేరినాను. ఆయనను మామా అని పిలిచేవాణ్ణి. మా వైపు వరసలు కలుపుకోవడానికి మతం ఎప్పుడూ అడ్డం రాలేదు.

అప్పుడే కొత్తరకం విమానాలు వచ్చినాయి, లోపల జెట్ ఇంజను తిరుగుతూ బయట పంకాను తిప్పే రకం. చలిదేశంలో పుట్టిన యంత్రాలాయె, మన ఎండలకు తల్లడిల్లిపోయేవి. మధ్యాహ్నం పూట ఇంజను స్టార్టు చేస్తే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటేది. ఒకనాడు నూనె కారేది, ఒకనాడు పంకా మొరాయించేది, కావలసిన భాగం సముద్రాలు దాటి వచ్చేదాకా విమానం షెడ్డులో పడి ఉండేది. ప్రయాణికులు మమ్మల్ని తిట్టేవాళ్ళు, మేము విమానాన్ని తిట్టేవాళ్ళం. మామ ఒక్కడే ఎవరినీ తిట్టేవాడు కాదు. ఊరు మారిన గొడ్డు మేత ముట్టదు, కొడితే మాత్రం తింటుందా అనేవాడు.

ఒక వేసవిలో మద్రాసు నుంచి వస్తున్న విమానానికి దారిలో ఒక ఇంజనులో నూనె ఒత్తిడి పడిపోయింది. పైలట్ దాన్ని ఆపేసి రెండో ఇంజను మీద వస్తుంటే, అదీ వేడెక్కడం మొదలుపెట్టింది. ఇక హైదరాబాదు చేరలేమని తేలిపోయి, యుద్ధకాలంలో తెల్లవాళ్ళు దొనకొండ దగ్గర వేసి వదిలిపోయిన విమానాల మైదానం వైపు తిప్పినాడు. ఆ మైదానంలో, చూడండి విధి, మా బావ మంద మేపుకుంటున్నాడు. ఒక పక్క పంకా కదలకుండా అంత పెద్ద విమానం నెత్తిమీదికి దిగి వస్తుంటే పైపంచ విసురుకుంటూ గొంతు పోయేటట్టు అరుచుకుంటూ మందను పక్కకు తోలినానని, కడపటి గొర్రె దాటడమూ చక్రాలు నేల తాకడమూ ఒకటే అయిందని ఆయన ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పేవాడు. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. విమానం దిగినవాళ్ళకు పల్లెవాళ్ళు మజ్జిగ పోసి, జొన్నరొట్టెలు పెట్టి, సాయంత్రం రైలెక్కించి పంపినారు. పైలట్ ఒక్కడు విమానాన్ని వదలకుండా అక్కడే ఉండిపోయినాడు.

మర్నాడు మామా నేనూ నూనె డబ్బాలతో, విడిభాగాల పెట్టెతో రైలు దిగినాము. మూత తీసి చూస్తే నూనె గొట్టం ఒకటి చీలి ఉంది. రెండో ఇంజను ఒంటరిగా బరువు లాగి వేడెక్కిందే గానీ దెబ్బతినలేదు. ఆ ఎండకు రేకు చేత్తో ముట్టుకుంటే బొబ్బలెక్కేది. బావ గోనెపట్టాలు కట్టి నీడ చేస్తే, దాని కింద గొట్టం మార్చి, రెండు ఇంజన్లూ మళ్ళీ మళ్ళీ పరీక్షించి, స్టార్టు చేసి చూసినాము. రెండూ బాగానే పలికినాయి. పల్లె పల్లెంతా కేక పెట్టింది.

అప్పుడు అక్క నా దగ్గరికి వచ్చింది.

"బాగైందా?"

"అయిందక్కా."

"మరి నువ్వు రైల్లోనే గదా పోయేది?"

నేను మామ వైపు చూసినాను. బాగుచేసినవాళ్ళు దానితోపాటే ఎగరడం మా మామ పద్ధతి. అక్కకు అర్థమైపోయింది. నా చేయి గట్టిగా పట్టుకుంది.

"వద్దురా. ఒకసారి చెడింది మళ్ళీ చెడదని ఏంది నమ్మకం? నడి ఆకాశంలో ఎవరిని పిలుస్తావు?"

మామ విన్నాడు. కోపమేమీ లేకుండా, నువ్వు రైల్లో రా అబ్బాయ్, నేను పోతాలే అన్నాడు. అక్క కళ్ళు తుడుచుకొని ఆయన వైపు తిరిగింది.

"అన్నా, నీకు పిల్లలుండారా?"

"ఉండారు తల్లీ, ముగ్గురు."

"మరి నువ్వెట్ల ఎక్కుతావు?"

"నేను ఎక్కకుండా ఆ పైలట్ బాబును ఏ మొగం పెట్టుకొని ఎక్కమనేది? ఆయనకూ ఇంటికాడ ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు గదమ్మా."

అక్క ఆ పైలట్ వైపు చూసింది. అలిసిపోయిన మొహంతో రెక్క నీడలో కూర్చొని ఉన్నాడాయన. అంతే, నా చేయి వదిలేసింది. "పోండి. ఇద్దరూ పక్కపక్కనే కూర్చోండి" అన్నది.

ఖాళీ కుర్చీల నడుమ మేము పక్కపక్కనే కూర్చున్నాము. పగుళ్ళ సిమెంటు మీద విమానం ఊగిపోతూ పరుగెత్తుతుంటే, మామ కళ్ళు మూసుకొని పెదవులు కదిలిస్తున్నాడు, నాకు తెలిసిన దేవుళ్ళందరినీ నేను మొక్కుతున్నాను. నేల వదిలినాక కిటికీలోంచి చూస్తే మందను అటూ ఇటూ కాచుకొని నిలబడిన జనం కనిపించినారు గానీ అక్క కనిపించలేదు. కొంగు మొగాన కప్పుకొని నేల మీద కూలబడిపోయిందని బావ తర్వాత చెప్పినాడు. మేము క్షేమంగా దిగినామని దొనకొండ స్టేషనుకు కబురు అందేదాకా ఆమె పొయ్యి ముట్టించలేదట. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా వాళ్ళ పొయ్యిల మీది కుండలు దించి ఆమె వాకిట్లోనే కూర్చున్నారట.

ఆ తర్వాత ఆ రకం ఇంజన్లన్నిటికీ వేడి తట్టుకునే గొట్టాలు వేసినారు, అవి మన ఎండలకూ మేము వాటికీ అలవాటుపడినాము. మామ రిటైరై గిద్దలూరు చేరి అక్కడే కన్నుమూసినాడు. అక్కా పోయింది, బావా పోయినాడు. ఇప్పటి విమానాలు అంతగా మొరాయించవు. మనుషుల ప్రాణాలకు భరోసా పెరిగినందుకు, ఆ పని చేసినవాడిగా నాకన్నా సంతోషించేవాడు ఉండడు. అయినా ఒక్కటి తోస్తుంది. ఇప్పుడు మబ్బుల్లో విమానం కుదిపితే ఎవరి కుర్చీ వాళ్ళు పట్టుకొని ఎవరి భయం వాళ్ళు పడతారు, దిగగానే ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఆనాడు మా ముగ్గురి కోసం ఒక పల్లె అన్నం వండుకోకుండా కూర్చుంది.