క్రూజ్ కంట్రోల్ మీద నేనిచ్చిన ఫిర్యాదు

నేను ఏలూరులో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. యాభై దాటాక, ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్న పెద్ద టూరింగ్ బైకు కొనుక్కున్నాను. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది క్రూజ్ కంట్రోల్. హైవే ఎక్కి, ఒక వేగం అందుకున్నాక బటన్ నొక్కితే చాలు, యాక్సిలరేటర్ తిప్పి పట్టుకోకపోయినా బండి అదే వేగంతో పోతుంది. స్టాఫ్ రూములో దాని గురించి వినని వాళ్ళు లేరు.

రెండో నెలలో అది మొరాయించింది. తాడేపల్లిగూడెం వెళ్తుంటే భీమడోలు చేరేలోపే నాలుగైదుసార్లు మీటరులో క్రూజ్ పచ్చదీపం ఆరిపోయేది, బండి నెమ్మదించేది. ఫ్యూజులు చూశాను. బ్రేక్ లైటు సరిగ్గా వెలుగుతోందో లేదో గోడ మీద వెలుతురు పడేలా పెట్టి చూశాను. బ్యాటరీ తీగలు విప్పి మళ్ళీ బిగించాను. చక్రం దగ్గరి సెన్సారు తుడిచాను. ఏమీ తేడా కనిపించకపోయేసరికి షోరూముకి తీసుకెళ్ళాను.

అక్కడి మెకానిక్‌కి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. మెల్లగా మాట్లాడే మనిషి. కంప్యూటర్ తగిలించి చూశాడు. బండి వేసుకుని గుండుగొలను దాకా వెళ్ళొచ్చాడు.

"నాకు ఒక్కసారి కూడా ఆగలేదండీ," అన్నాడు. కాసేపు తటపటాయించి, "మీరు నడిపేటప్పుడు క్లచ్ మీద వేళ్ళు ఉంటున్నాయేమో ఓసారి చూసుకోండి సార్. కొంచెం నొక్కినా క్రూజ్ కట్టయిపోద్దండీ," అన్నాడు.

అప్పుడు అక్కడ నలుగురైదుగురు కస్టమర్లు కూర్చుని ఉన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముప్ఫై ఏళ్ళ నుంచి బండి నడుపుతున్నాను. క్లచ్ ఎలా పట్టుకోవాలో నువ్వు నేర్పుతావా నాకు? కాలేజీలో నేను చెప్పేది ఫిజిక్సయ్యా. పని రాకపోతే రాదని చెప్పు."

"తప్పుగా అనుకోకండి సార్," అని తల దించుకున్నాడు.

ఇంటికొచ్చి మేనేజరుకి మెయిలు రాశాను. చేతకానితనం కప్పిపుచ్చుకోడానికి కస్టమరు మీదకి నెట్టేస్తున్నాడనీ, ఇలాంటివాళ్ళని పెద్ద బండ్ల మీద చెయ్యి వెయ్యనివ్వకూడదనీ రాశాను. మంచి ఇంగ్లీషులో, రెండుసార్లు దిద్ది మరీ పంపాను.

ఆ తరవాతి ఆదివారం చర్చి అయ్యాక నేనూ మా ఆవిడా కొల్లేటి పక్షుల్ని చూద్దామని ఆటపాక బయల్దేరాం. చేపల చెరువుల మధ్య రోడ్డు ఖాళీగా ఉన్నచోట బటన్ నొక్కాను. ఎప్పట్లాగే రెండు నిమిషాలకో మూడు నిమిషాలకో ఆగిపోయింది. మా ఆవిడ వెనక కూర్చుని, నా భుజం మీదుగా ఫోనులో వీడియో తీసింది.

సాయంత్రం ఆవిడ వంటింట్లో ఉండగా ఆ వీడియో పెట్టుకుని చూశాను. చెరువుల కన్నా ముందు నా ఎడమచెయ్యి కనిపించింది. రెండు వేళ్ళు క్లచ్ లివరు మీద వాలి ఉన్నాయి. ఎదురుగా చేపల లారీ వచ్చింది. వేళ్ళు బిగుసుకున్నాయి. దీపం ఆరిపోయింది. రోడ్డు మీద గతుకు వచ్చింది. మళ్ళీ వేళ్ళు, మళ్ళీ దీపం. వెనక్కి తిప్పి నాలుగుసార్లు చూశాను. కాలవగట్ల మీద పాత స్కూటరు నడిపిన రోజుల్లో అబ్బిన అలవాటు అది. అలా చేస్తున్నానని నాకే తెలీదు.

మర్నాడు క్లచ్ మీంచి వేళ్ళు తీసేసి హైవే మీద తాడేపల్లిగూడెం దాకా వెళ్ళాను. ఒక్కసారి కూడా ఆగలేదు. "బాగైపోయిందా?" అని మా ఆవిడ అడిగితే, "ఏదో సాఫ్ట్‌వేర్ గొడవ, దానంతటదే సర్దుకుంది," అన్నాను. షోరూమునుంచి ఫోన్ చేసినప్పుడూ అదే చెప్పాను. "ఆ మెకానిక్ సంగతి మేం చూసుకున్నామండీ," అన్నారు. ఏం చూసుకున్నారని నేను అడగలేదు.

సర్వీసుకి వెళ్ళినప్పుడు తెలిసింది. అతను రబ్బరు బూట్లు వేసుకుని, నీళ్ళ గొట్టం పట్టుకుని బండ్లు కడుగుతున్నాడు. నా బండి కూడా అతనే కడిగాడు. నన్ను చూసి, "నమస్తే సార్," అన్నాడు. నేను తలూపి, ఫోను వచ్చినట్టు నటిస్తూ బయటికి నడిచాను. మెయిలు కన్నా, అబద్ధం కన్నా, ఆ నడక తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది.

ఇంకో ఇరవై రోజులు పట్టింది నాకు. చివరికి వెళ్ళి మేనేజరుకి వీడియో చూపించి, తప్పంతా నాదేనన్నాను. ఆయన నవ్వేసి, "అవుతూంటాయండీ, దానిదేముంది," అన్నారు. అతన్ని పిలిపించి, మర్నాటి నుంచి పాత పనిలోకే రమ్మన్నారు.

బయటికి వచ్చాక అతనితో, "ఆ రోజు నువ్వు ఇంకాస్త గట్టిగా చెప్పాల్సిందయ్యా," అన్నాను. క్షమాపణ అడుగుదామని వెళ్ళినవాణ్ణి, నా నోట వచ్చింది అదీ.

"చెప్పానండీ," అన్నాడు అతను. గొంతు పెంచలేదు. "మీరు వినలేదు."

నేను తప్పయిపోయిందన్నాను. "పర్లేదండీ," అన్నాడు కానీ, నా ముఖంలోకి చూడలేదు.

ఇప్పటికీ నా బండి అతనే చూస్తాడు. పనిలో ఏ లోటూ చెయ్యడు. అయితే బండిలో ఏం చేశాడో, నేను ఏం జాగ్రత్త పడాలో ఇప్పుడు నోటితో చెప్పడు. కాగితం మీద రాసి, తాళంతో పాటు కౌంటరులో ఇచ్చి వెళ్ళిపోతాడు. నేను దాన్ని అక్కడే నిలబడి మొదటినుంచి చివరిదాకా చదువుతాను.