వ్యానుకు ఎర్తుగుంత తవ్విన రోజు

మా బాపుకు బొగ్గుబాయిలో ఆఖరి డ్యూటీ ఆ రోజు. తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు సంగతి. మా గోదావరిఖనిలో మనిషి రిటైరైతే ఉత్తగా నడిచి ఇంటికి రాడు. మెడ నిండా దండలు వేసి, బండెక్కించి, పాటలు పెట్టి, బాయి గేటు నుంచి క్వార్టరు దాకా తోటివాళ్లు ఊరేగిస్తారు. బాపు నెల రోజుల నుంచి ఒకటే మాట. "నా పాట కూరగాయల మార్కెట్ దాంక ఇనబడాలె."

బండి మా తమ్ముడిది. పాత వ్యాను కొని, బాపు కోసమని లోపలా బయటా కొత్త రంగు వేయించి, వెనక సీటు కింద ఆంప్లిఫయర్, రెండు పెద్ద స్పీకర్లు బిగించాడు. ఆ పొద్దున పదింటికి మొహం వేలాడేసుకుని మా ఆయన దగ్గరికి వచ్చాడు.

"బావా, ఇంజన్ బందుంటే పాట మంచిగొస్తుంది. చాలు చేస్తే కుయ్యిమంటుంది. రేసు ఇస్తే ఇంకింత కుయ్యిమంటుంది. మూడింటికి బాపు బయటికొస్తడు!"

మా ఆయన బాయిలో ఎలక్ట్రీషియన్. బాపు కోసం ఆ రోజు సెలవు పెట్టాడు. చాయ్ తాగుతూనే తేల్చేశాడు.

"ఎర్తింగ్ లేదురా. ఎర్తు లేని మిషన్‌ను మేం ముట్టనే ముట్టం."

బాయి మీద ఏ మోటారుకైనా గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, ఇనుప పైపు పాతి తీగ కట్టడం వాళ్ల అలవాటు. వాకిట్లో నల్లా పక్కన మోకాలి లోతు గుంత తవ్వారు. బొగ్గుకు మాకేం కరువు? ఉప్పు మాత్రం నా వంటింటి డబ్బా మొత్తం పోయింది.

"కూరలకు చిటికెడన్న ఉంచయ్యా."

"మామ ఊరేగింపు కావాల్నా, నీ కూర కావాల్నా?"

నేనే బకెట్ నీళ్లు పోశాను. ఆంప్లిఫయర్ నుంచి ఒక తీగను వ్యాను కిటికీలోంచి లాగి పైపుకు కట్టారు. పాట పెడితే ఖంగుమని వచ్చింది. మా ఆయన మీసం దువ్వుకున్నాడు.

"గాని ఏమయ్యా, వ్యాను గేటుకాడికి పోవాలె గద. గుంతను గుడ తీస్కపోతరా?" అన్నాను.

తమ్ముడు బావను చూశాడు. బావ గుంతను చూశాడు.

"తీగ పొడుగుది కడుదమా బావా?"

"ముందుగాల ఇంజన్ చాలు చెయ్యిరా!"

చేశాడు. కుయ్యిమంది. అప్పటిదాకా పాట బాగా రావడానికి కారణం గుంత కాదు, ఇంజన్ ఆగి ఉండడం.

పన్నెండు దాటింది. మా ఆయన వెనక సీటు ఊడదీసి, ఒక్కొక్క తీగనూ చేత్తో తడుముతూ పోయాడు. ఆంప్లిఫయర్ నల్ల తీగ వ్యాను రేకుకు బోల్టుతో బిగించి ఉంది. బోల్టు కింద మెరిసే కొత్త రంగు.

"బండికి భూమి అంటే దాని ఇనుమేరా! రంగు మీద బిగిస్తే ఎర్తు ఎట్ల అందుతది?"

"అంత మంచిగ కనబడాలెనని..."

"సీటు కింద ఎవడు చూస్తడురా?"

"నీకు గుడ పొద్దుగాల యాదికి రాలే గద, ఊకో," అని నా కూరగాయల కత్తి తెచ్చి ఇచ్చాను. ఇనుము తెల్లగా తేలేదాకా రంగు గీకి, బోల్టు మళ్లీ బిగించాడు. ఇంజన్ చాలు చేసి తమ్ముడు ఎంత రేసు ఇచ్చినా పాట తప్ప ఇంకేమీ రాలేదు. ఆ సంబరంలో మమ్మల్ని ఎక్కించుకుని, తీగ విప్పడం మరిచి ముందుకు పోనిచ్చాడు. పైపు ఊడి, ఉప్పూ బొగ్గూ చల్లుకుంటూ మూల మలుపు దాకా మా వెంట వచ్చింది.

మూడింటికి బాపు దండలతో బయటికొచ్చాడు. వ్యాను ఎక్కించాం. పాట అందుకుంది. వంద అడుగులు కూడా పోలేదు, బాపు దండలు తీసి నా మెడలో వేసి కిందికి దిగాడు.

"ఏమైంది బాపూ?"

"గింత మంచిగ మోగంగ నేను బొమ్మలెక్క కూసోవాల్నా?"

బండి ముందు పాటకు అడుగులేస్తూ ఎగరడం మొదలుపెట్టాడు. వెనక రెండో షిఫ్టు బస్సు ఆగిపోయి హారన్ కొట్టింది. బాపు ఎగురుతూనే చెయ్యి ఊపాడు.

"ఆగు బిడ్డా! నాకు గిది ఒక్కసారే వస్తది!"

డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. దండలతో వ్యానులో నిలబడి, ఊరంతా చూస్తుండగా, రిటైరైన దానిలా ఇంటికొచ్చింది నేను.